విదేశాల్లో కట్టడాలు గీయాలంటే ఏం పట్టుకెళ్లాలి: పెన్సిలా, పెన్నా, వాటర్ కలరా, ట్యాబా?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇప్పుడు ఏ వీధిలో చూసినా విదేశం వెళ్లొచ్చినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. పిల్లల దగ్గర అమెరికాలో ఆరేసి నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలు, విశాఖలో విమానం ఎక్కి సింగపూర్ చూసొచ్చే కుటుంబాలు, జర్మనీకో ఆస్ట్రేలియాకో చదువుకు వెళ్లే కుర్రాళ్లు. వీళ్లలో బొమ్మలు గీసే అలవాటున్నవాళ్లకు బ్యాగు సర్దుకునే వేళ ఒకటే సందేహం. అక్కడి గుళ్లు, చర్చిలు, పాత వీధులు గీసుకోవాలంటే ఏది పట్టుకెళ్తే మంచిది?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఏ సామానుతో బొమ్మ అందంగా వస్తుందన్నది తర్వాతి మాట. ఆ కట్టడం ముందు మీకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి? అది తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం, మీరు చూడబోయే కట్టడాలు ఎలాంటివన్న దాన్నిబట్టి ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

*సమయం.* ప్యాకేజీ టూర్లో గైడు అరగంట ఇచ్చాడంటే అందులో గ్రూప్ ఫొటో, బాత్రూమ్ క్యూ, మంచినీళ్ల సీసా కొనడం పోగా మీ చేతికి మిగిలేది ఏడెనిమిది నిమిషాలు. అదే పిల్లల ఇంట్లో ఉన్నప్పుడైతే వాళ్లు ఆఫీసుకెళ్లాక మధ్యాహ్నమంతా మీదే. ఈ రెంటికీ ఒకే సామాను పనికిరాదు.

*తోడు.* మీరు కూర్చుని గీస్తుంటే పక్కన ఇంకొకరు ఎండలో నిలబడి ఉంటారు. వాళ్ల ఓపిక కూడా మీ సామానులో భాగమే అనుకోండి. పది నిమిషాలైతే ఎవరైనా నవ్వుతూ ఆగుతారు. గంట ఆగమంటే మర్నాడు మీకే అడగబుద్ధి కాదు.

*కట్టడం తీరు.* దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని అసలు లెక్కలోకి తీసుకోరు. గీసేవాడి కంటికి కట్టడాలు మూడు రకాలు. మొదటివి గీతల కట్టడాలు: యూరప్‌లో కోసు శిఖరాలతో నిలువుగా లేచే గోథిక్ చర్చిలు, ఇనుప వంతెనలు, జపాన్ చెక్క గుళ్లు. వీటిలో అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా కనిపిస్తుంది. రెండోవి నీడల కట్టడాలు. కంబోడియాలో బయోన్ గుడి గోపురాల మీద చెక్కిన పెద్ద పెద్ద ముఖాలున్నాయి కదా, వాటికి గీత గీద్దామంటే అంచే దొరకదు. పెదవి కింద నీడ పెడితేనే పెదవి కనిపిస్తుంది. ఇండోనేషియాలోని బోరోబుదూర్ బౌద్ధ కట్టడంలో పైన మూడు గుండ్రటి అంతస్తుల మీద ఉన్న 72 జాలీ స్తూపాలదీ అదే సంగతి. మూడోవి రంగుల కట్టడాలు. సింగపూర్ పాత వీధుల్లోని షాప్‌హౌస్‌లను, అంటే కింద దుకాణం, పైన ఇల్లు ఉండే కట్టడాలను, నలుపు తెలుపులో గీస్తే వరసగా పెట్టిన డబ్బాల్లా మిగులుతాయి. వాటి ప్రాణమంతా ఆ లేత ఆకుపచ్చ గోడ, గులాబీ రంగు కిటికీ రెక్క, కింద పూల టైల్స్‌లో ఉంది.

*వాతావరణం.* మన తీరంలో ఉక్కపోత ఎలా ఉంటుందో ఆగ్నేయాసియా అంతా దాదాపు అలాగే ఉంటుంది, కాగితం త్వరగా ఆరదు. చలి దేశాల్లో గ్లవ్స్ తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి.

*నిబంధనలు.* కట్టర్, బ్లేడు క్యాబిన్ బ్యాగులో పెట్టనివ్వరు. ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. పెన్సిల్ బొమ్మల మీద కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే మండే గుణమున్నది కాబట్టి ఏ బ్యాగులోనూ వద్దు. పవర్ బ్యాంక్ మాత్రం క్యాబిన్‌లోనే ఉండాలి, చెక్‌ఇన్ బ్యాగులో పెట్టకూడదు. చాలా మ్యూజియంలు లోపల పెన్సిల్‌ను మాత్రమే ఒప్పుకుంటాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం గ్యాలరీల్లోనూ అంతే. సైనిక స్థావరాలు, విమానాశ్రయాల దగ్గర ఏ దేశంలోనూ పుస్తకం తెరవకండి.

ఖర్చు గురించి ఒక్క మాట చాలు: ట్యాబ్ తప్ప మిగతా మూడూ టికెట్ ధరతో పోలిస్తే లెక్కలోకి రావు.

ఒక్క చూపులో

| అంశం | పెన్సిల్ | పెన్ను | వాటర్ కలర్ | ట్యాబ్ |
|---|---|---|---|---|
| పది నిమిషాల లోపు | బాగా కుదురుతుంది | అన్నిటికన్నా మెరుగు | కుదరదు | అలవాటుంటే కుదురుతుంది |
| గంట దొరికితే | బాగుంటుంది | బాగుంటుంది | అన్నిటికన్నా మెరుగు | బాగుంటుంది |
| నిలబడి గీయడం | సులువు | సులువు | కష్టం | బరువు |
| గీతల కట్టడం | పర్వాలేదు | సరైన జోడీ | పెన్ను తోడుంటేనే | బాగుంటుంది |
| నీడల కట్టడం | సరైన జోడీ | ఓపిక కావాలి | చాలా బాగుంటుంది | బాగుంటుంది |
| రంగుల కట్టడం | చాలదు | చాలదు | సరైన జోడీ | బాగుంటుంది |
| ఎండలో | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | త్వరగా ఆరుతుంది | తెర సరిగా కనబడదు |
| ఉక్కపోతలో | చెమటకు అలుక్కుంటుంది | ఇబ్బంది లేదు | ఆరదు | పర్వాలేదు |
| మ్యూజియం లోపల | చాలాచోట్ల సరే | చాలాచోట్ల వద్దంటారు | వద్దంటారు | అక్కడే అడగాలి |

పెన్సిల్

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, నీడల కట్టడాలు చూడబోయేవాళ్లకు ఇదే. హెచ్‌బీ, 2బీ, 6బీ ఈ మూడూ చాలు; బీ ముందు అంకె పెరిగేకొద్దీ మొన మెత్తన, గీత నలుపు. హెచ్‌బీతో కొలతలు, 2బీతో ఆకారం, 6బీతో గుమ్మం లోపలి చీకటి. పన్నెండు పెన్సిళ్ల డబ్బా మోసుకెళ్లి ప్రయోజనం లేదు, అక్కడ నిలబడి ఏది తీయాలా అని వెతుక్కోవడంతోనే సమయం అయిపోతుంది.

పెన్సిల్‌తో వచ్చే పెద్ద లాభం, వేసిన గీతను మళ్లీ సరిదిద్దుకోవచ్చు. గోపురం కాగితం పైఅంచు దాటిపోతోందని సగంలో తెలిసినా కిందికి జరపొచ్చు. నష్టం కూడా అక్కడే ఉంది. రబ్బరు చేతిలో ఉంటే చెరిపి గీయడంలోనే పావుగంట గడిచిపోతుంది. అందుకని ప్రయాణంలో రబ్బరు వాడకుండా, తప్పు గీత పక్కనే సరైన గీత వేయమని చెబుతాను. రెండు గీతలూ కనిపిస్తే బొమ్మకు ఏ లోటూ రాదు.

చెమట చేతికి పెన్సిల్ అలుక్కుపోతుంది. అరచేయి కింద చిన్న కాగితం ముక్క పెట్టుకోండి, పేజీల మధ్య బటర్ పేపర్ వేసుకోండి. చెక్కడానికి బ్లేడు కాకుండా మామూలు షార్పనర్ తీసుకెళ్లండి.

వాస్తుశిల్పి ల కార్బూజియే 1911లో కుర్రాడిగా ఇస్తాంబుల్, ఏథెన్స్ వైపు తిరిగినప్పుడు చిన్న చిన్న నోటుపుస్తకాల్లోనే గీసుకున్నాడు. తర్వాత చండీగఢ్ కట్టిన మనిషి ఆయనే. అహ్మదాబాద్ ఐఐఎం రూపకర్త లూయీ కాన్ 1951లో ఈజిప్టు పిరమిడ్ల ముందు మాత్రం పాస్టెల్ అనే రంగు సుద్ద పట్టుకున్నాడు. అక్కడ గీతలతో పనేముంది? ఎండ పడిన ముఖం, పడని ముఖం, అంతే. ఎదుట ఉన్నదాన్నిబట్టి చేతిలోది మారాలన్నదానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అది.

పెన్ను

ఒక్కటే ఎంచుకోమంటే నేను చెప్పేది దీన్నే. చెరిపే వీలు లేదు కాబట్టి గీసే ముందు అర నిమిషం నిదానంగా చూస్తాం. ఆ చూపు విలువైనది. వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, కంటి మట్టం గీత ఎక్కడ పడుతుంది, ఈ మూడూ చూపుతోనే కొలుచుకుని నాలుగు చుక్కలు పెట్టుకుంటే మిగతాది ఆ చుక్కల మధ్య ఒదిగిపోతుంది.

ఏ పెన్ను? నీళ్లకు చెదరని పిగ్మెంట్ ఇంకు ఉన్న ఫైన్‌లైనర్లు అనే సన్నమొన పెన్నులు, 0.3, 0.5 సైజులు రెండుంటే చాలు. తర్వాత రంగు వేసినా గీత కరగదు. జెల్ పెన్నుల్లో చాలావాటి గీత తడి తగలగానే పాకిపోతుంది, వద్దు. ఫౌంటెన్ పెన్ను ఇష్టమైనవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోండి. విమానం పైకి లేచేటప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి, పెన్ను లోపలి గాలి ఉబ్బి ఇంకును బయటికి తోస్తుంది. కాబట్టి పూర్తిగా నింపో, పూర్తిగా ఖాళీ చేసో, పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకోవాలి. ఇంకొకటి, ఇండియన్ ఇంక్ అని అమ్మే లక్క కలిసిన ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోయకూడదు, లోపల గట్టిపడి పెన్ను పాడైపోతుంది.

మామూలు బాల్ పెన్నును ఎవరూ లెక్కచేయరు గానీ, స్కెచ్‌కు చక్కటి పనిముట్టు. తేలిగ్గా పట్టుకుంటే పెన్సిల్‌లా లేత గీత, నొక్కితే ముదురు గీత. తడికి తొందరగా చెదరదు. వెలుతురు తగిలేచోట ఏళ్ల తరబడి ఉంచితే రంగు వెలుస్తుంది, పుస్తకంలో మూసి ఉంచితే పర్వాలేదు.

పెన్నుకు కష్టమయ్యేది నీడ. గుమ్మం లోపలి చీకటిని పక్కపక్కన సన్నగీతలతో నింపాలంటే చేయి నొప్పి పుడుతుంది, నిమిషాలూ కరుగుతాయి. బస్సు హారన్ కొడుతుంటే నీడ ఎటువైపు పడుతోందో చిన్న బాణం గుర్తు వేసుకుని పుస్తకం మూసేయండి, నింపడం రాత్రి గదిలో కూర్చుని చేసుకోవచ్చు.

వాటర్ కలర్

అందరి మనసూ దీనిమీదే. నాకూ ఇష్టమే. కానీ ఇది తీరిక ఉన్నవాళ్ల సామాను. ఒక పూత ఆరాక రెండోది వేయాలి. ఆరకముందే వేస్తే ఆకాశం గోపురంలోకి పాకుతుంది. మన దగ్గర వానాకాలంలో అరసవల్లి గుడి ముందు కూర్చుని వేసినవాళ్లకు ఆ అనుభవం ఉండే ఉంటుంది: కాగితం పట్టుకుని ఊపినా, ఊదినా తడి తడిగానే ఉంటుంది. సింగపూర్, కంబోడియాల్లో ఏడాదిలో చాలా భాగం అలాంటి గాలే. ఇటలీ వేసవిలో, అమెరికాలో అరిజోనా వైపు సంగతి వేరు. అక్కడ పూత చూస్తుండగానే ఆరిపోయి, పెద్ద గోడను ఒకే పల్చటి పూతతో పరచడానికి తొందరపడాల్సి వస్తుంది.

తీసుకెళ్లేవాళ్లు ట్యూబులు కాకుండా ఎండిన రంగుబిళ్లల చిన్న పెట్టె తీసుకెళ్లండి, విమానంలో ద్రవాల గొడవ ఉండదు. నీళ్లు నింపుకునే బ్రష్ ఒకటి ఖాళీగా పెట్టుకుని దిగాక నింపుకోవచ్చు. కట్టడాలకు కావలసిన రంగులు నిజానికి కొన్నే. బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగులో అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలం కలిపితే రాతి బూడిద రంగు వస్తుంది. నీలం కొంచెం ఎక్కువైతే నీడలో ఉన్న రాయి, సియన్నా ఎక్కువైతే ఎండ తగిలిన రాయి. యెల్లో ఆకర్ అనే పసుపుమట్టి రంగు చేరిస్తే పాత సున్నపు గోడ. నల్లరంగు బిళ్ల ముట్టుకోకుండానే కంబోడియాలోని ఆంగ్కోర్ గుళ్లు మొత్తం వేయొచ్చు.

కాగితం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మామూలు డ్రాయింగ్ పుస్తకం పల్చగా ఉంటుంది, నీళ్లు పడగానే అప్పడంలా ముడుచుకుంటుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాగితం ఉన్న చిన్న పుస్తకం, అరచేతికి కొంచెం పెద్దది, కొనుక్కోండి. పెద్ద పుస్తకమైతే నింపడానికి భయం వేస్తుంది.

ట్యాబ్

ఇంట్లో ఇప్పటికే ట్యాబ్ మీద రోజూ గీస్తున్నవాళ్లు నిశ్చింతగా తీసుకెళ్లండి. తడి, ఆరడం, పెట్టె, కాగితం ఏ బాధా లేదు. తప్పు గీతను వెనక్కి తీసుకోవచ్చు. గీత ఒక పొర, రంగు ఇంకో పొర పెట్టుకుని రాత్రి ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి ఎదుటి వీధి గీసుకునే పెద్దలకు కళ్లకు దగ్గరగా పెంచి చూసుకునే వీలు ఒక వరం.

ప్రయాణం కోసమని కొత్తగా కొనడం మాత్రం నేను ఒప్పుకోను. నున్నటి గాజు మీద చేయి కుదరడానికి వారాలు పడుతుంది. నడి ఎండలో తెర మీద మీ ముఖమే కనబడుతుంది. చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. జనం కిక్కిరిసిన చోట చేతిలో ఖరీదైన వస్తువు ఉంటే ఒక కన్ను బొమ్మమీద, ఒక కన్ను చుట్టుపక్కల వాళ్లమీద పెట్టాలి. అలా చూస్తే కట్టడం కంటికి ఆనదు.

ఫొటో తీసుకుని గదిలో గీసుకుంటే చాలదా అని కొందరంటారు. కిటికీ కమ్మీ, శిల్పం చేతిలోని పువ్వు లాంటి చిన్న వివరాలకు చాలు. మొత్తం కట్టడానికి చాలదు. ఫోన్ కెమెరా దగ్గరివాటిని పెద్దవి చేసి దూరంవాటిని కుదిస్తుంది, పైకెత్తి తీస్తే నిలువు గోడలు లోపలికి వాలతాయి. ఆ ఫొటో చూసి గీస్తే ఆ వంకరంతా మీ బొమ్మలోకి వస్తుంది.

ఎవరికి ఏది

*ప్యాకేజీ టూర్లో వెళ్లేవాళ్లు:* ఒక పెన్ను, జేబులో పట్టే పుస్తకం. అంతకుమించి వద్దు. రోమ్‌లో పాంథియన్ ముందు పావుగంట దొరికిందనుకోండి, మొత్తం గుడి గీయాలని చూడకండి. ముందు వరండాలో 16 రాతి స్తంభాలున్నాయి, వాటిలో రెండు, పైన త్రికోణపు ముఖభాగం, పక్కన ఒక మనిషి. స్తంభం పక్కన మనిషి నిలబడితేనే ఆ రాయి ఎంత పెద్దదో తెలుస్తుంది. లోపలి గుమ్మటం 43 మీటర్లకు పైగా వెడల్పు, దాదాపు అంతే ఎత్తు. ఒక వృత్తం గీసి, పైన కన్ను లాంటి రంధ్రంలోంచి వెలుగు ఏ గోడమీద పడిందో గుర్తు పెట్టుకుంటే చాలు.

*ఆంగ్కోర్ వైపు వెళ్లేవాళ్లు:* పెన్సిల్, కుదిరితే రంగులు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన ఆంగ్కోర్ వాట్ పడమటి ముఖంగా ఉంటుంది. అందరూ తెల్లవారుజామునే తీసుకెళ్తారు. అప్పుడు సూర్యుడు గోపురాల వెనక లేస్తాడు కాబట్టి గుడి నల్లటి ఆకారంగా కనిపిస్తుంది, 6బీతో అయిదు నిమిషాల్లో అయిపోయే బొమ్మ అది. చెక్కడం, నీడ, రాతి రంగు కావాలంటే మధ్యాహ్నం తర్వాత ఎండ ముఖంమీద పడ్డాక మళ్లీ రావాలి. గైడుతో ముందే మాట్లాడుకోండి.

*సింగపూర్ వెళ్లేవాళ్లు:* పెన్నుతో పాటు నాలుగు రంగులు. ఆ ఊరికి పునాది వేసిన బ్రిటిష్ అధికారి రాఫిల్స్ 1822 నాటి నగర ప్రణాళిక ప్రకారం అక్కడి పాత దుకాణాల ముందు కప్పున్న నడవా ఉంటుంది, మన పాత ఇళ్ల వీధి అరుగు గుర్తొస్తుంది. ఎండా వానా తగలకుండా ఆ నడవాలో నిలబడి ఎదుటి వరస గీసుకోవచ్చు. దారికి అడ్డం మాత్రం కూర్చోకండి.

*పిల్లల దగ్గర నెలల తరబడి ఉండేవాళ్లు:* వాటర్ కలర్ మీ కోసమే. ఒకే ఇంటిని, ఒకే చర్చిని వేసవిలో ఒకసారి, ఆకులు రాలాక ఒకసారి వేసే అదృష్టం టూరిస్టుకు దక్కదు. పిల్లలు చూపించే పెద్ద పెద్ద కట్టడాలకన్నా వాళ్ల వీధి చివరి లైబ్రరీ మీకు ఎక్కువ నేర్పుతుంది.

*ఆర్కిటెక్చర్ విద్యార్థులు:* పెన్సిల్, పెన్ను రెండూ. మీరు బొమ్మ ఒక్కటి గీస్తే సరిపోదు, పక్కనే ప్లాన్ (పైనుంచి చూసిన నక్షా), సెక్షన్ (నిలువుగా కోసి చూసిన బొమ్మ) కూడా చిన్నగా వేయాలి. అడుగులతో కొలిచి వెడల్పు రాసుకోండి.

వెళ్లే ముందు మన ఊళ్లో

ఏ సామాను మీకు నప్పుతుందో తేల్చుకోవడానికి విదేశం దాకా వెళ్లక్కర్లేదు. విజయనగరం గంట స్తంభం ఎనిమిది పలకల కట్టడం. దూరం పోయేకొద్దీ ఏ పలక ఎంత సన్నబడుతుందో దాన్ని చూసి నేర్చుకున్న చేయి, ఫ్లోరెన్స్‌లో 1436లో వాస్తుశిల్పి బ్రునెలెస్కీ పూర్తి చేసిన పెద్ద చర్చి గుమ్మటం ముందు తడబడదు. అదీ ఎనిమిది పలకలదే, మూలమూలకూ తెల్లటి పక్కటెముకతో. పైగా గంట స్తంభం దగ్గర బజారు రద్దీ, ఆటోలు, వెనక నిలబడి చూసేవాళ్లు అన్నీ దొరుకుతాయి. పుస్తకం తెరిచిన రెండు నిమిషాలకే ఎవరో ఒకరు వచ్చి "ఏటి బాబూ, కొలతలు తీస్తన్నారా? రోడ్డు ఎడల్పు సేస్తారేటి?" అని అడుగుతారు. వాళ్లకు బొమ్మ చూపించి, మాట్లాడుతూనే గీయడం అలవాటైతే ఏ దేశపు జనం మధ్యనైనా గీయగలరు.

విజయనగరంలోని 1713 నాటి కోట ముందు నిలబడితే పొడుగాటి గోడకు పెన్సిల్ మేలో పెన్ను మేలో తేలిపోతుంది. నీడల కట్టడానికి శ్రీముఖలింగం వెళ్లండి. వంశధార ఒడ్డున సోమేశ్వరుడి గుడి శిఖరం కింద నిటారుగా లేచి పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతుంది. ఆ వంపు ఎక్కడ మొదలవుతుందో కంటితో పట్టుకోవడమే అసలు పని. పొద్దున్న ఏటవాలు ఎండలో గోడమీది శిల్పాలు విడివిడిగా లేచి కనిపిస్తాయి, నడినెత్తిన ఎండ వచ్చేసరికి చదునైపోతాయి. అక్కడ ఒక పూట పెన్సిల్, ఇంకో పూట రంగులు పెట్టి చూడండి.

ప్రతి బొమ్మ మూలన పట్టిన సమయం రాసుకోండి. టూర్ షెడ్యూల్ తీసి ఒక్కోచోట ఎంతసేపు ఆపుతారో చూసి, అందులో సగమే మీదని లెక్కవేయండి. ఆ సగంలో ఇక్కడ ఏ సామానుతో బొమ్మ పూర్తయిందో దాన్నే బ్యాగులో పెట్టండి. పుస్తకం కొత్తది కాకుండా ఈ సాధన చేసినదే తీసుకెళ్లండి, మొదటి తెల్లపేజీ ముందు చేయి ఆగిపోయే బాధ ఉండదు.